పిక్సెళ్లు తగ్గించిన కెమెరా



జపాన్‌కు చెందిన కానన్ కంపెనీ 2008 సెప్టెంబరులో పవర్‌షాట్ జి-10 అనే చిన్న కెమెరాను ప్రకటించింది. దుకాణాల భాషలో చెప్పాలంటే అది 14.7 మెగాపిక్సెళ్ల కెమెరా. అంటే అది తీసే ఒక్కో ఫొటోలో కోటీ 47 లక్షల చుక్కలు ఉంటాయి. ఏడాది నిండకముందే, 2009 ఆగస్టులో, దాని తర్వాతి మోడల్ జి-11 వచ్చింది. ఈ కొత్తదానిలో ఉన్నవి 10 మెగాపిక్సెళ్లే. దాదాపు మూడో వంతు పిక్సెళ్లు తగ్గించేశారు. వెనకవైపు తెర కూడా మూడు అంగుళాల నుంచి 2.8 అంగుళాలకు తగ్గింది. బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకు పడే ఫొటోల సంఖ్య 1.3 నుంచి 1.1కి దిగింది. అమెరికాలో ధర మాత్రం రెంటిదీ 500 డాలర్ల దగ్గరే ఉండేది.

ఈ వివరాలు కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూసినవారెవరైనా పాత కెమెరానే మేలనుకుంటారు. కానీ చాలామంది చాలా సందర్భాల్లో తీసుకునే ఫొటోలకు కొత్తదే మేలైన కెమెరా. అలా ఎందుకైందో, పాతది ఎక్కడ ఇప్పటికీ గెలుస్తుందో ఈ ప్రసంగంలో వివరంగా చెబుతాను. ఎందుకంటే ఈ రోజు మనం ఫోను కొన్నా, టీవీ కొన్నా, మొదట అడిగేది ఒక అంకె. ఆ అంకె మనకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడానికి ఈ రెండు కెమెరాలంత మంచి ఉదాహరణ మరొకటి నాకు కనిపించలేదు.

ముందు ఈ రెంటిలో మారనివేమిటో చూద్దాం. లెన్స్ మారలేదు. రెంటిలోనూ ఫిల్ము కెమెరా లెక్కలో 28 నుంచి 140 మిల్లీమీటర్లకు సమానమైన ఐదు రెట్ల జూమ్ ఉంది. ఇరుకు గదిలో పదిమందిని ఒక్క ఫొటోలో పట్టించడానికీ, కాస్త దూరంలో ఉన్న మనిషి ముఖాన్ని దగ్గరకు లాక్కోవడానికీ ఆ ఒక్క లెన్స్ చాలు. చెయ్యి వణికితే సర్దే ఏర్పాటు రెంటిలోనూ ఉంది. ఫొటోను తయారుచేసే ప్రాసెసర్ ఒకటే, డిజిక్-4. బ్యాటరీ కూడా ఒకటే. పైభాగాన ఎక్స్‌పోజర్‌ను పెంచి తగ్గించే చక్రం, వెలుతురుకు కెమెరా స్పందనను, అంటే ఐఎస్ఓను మార్చే చక్రం విడివిడిగా ఉంటాయి. మెనూల్లో వెతుక్కోకుండా చేత్తోనే తిప్పుకోవచ్చు. కంటికి ఆనించి చూసే చిన్న గాజు కిటికీ, అంటే వ్యూఫైండర్, రెంటిలోనూ ఉంది. బరువు కూడా అటూ ఇటూగా 350 గ్రాములే. ఇన్ని సమానంగా ఉండటం మన అదృష్టం. ఫొటోలో తేడా కనిపిస్తే దానికి కారణం ఎక్కడుందో సులువుగా తెలిసిపోతుంది. అది ముఖ్యంగా సెన్సర్‌లో, అంటే వెలుతురును పట్టే పలకలో ఉంది.

ఈ జి వరుస 2000 సంవత్సరంలో 3.3 మెగాపిక్సెళ్ల జి-1తో మొదలైంది. 2004 నాటి జి-6లో 7.1, 2006 నాటి జి-7లో 10, 2007 నాటి జి-9లో 12.1, ఆ మరుసటి ఏడాది జి-10లో 14.7. ఎనిమిదేళ్లలో పిక్సెళ్లు నాలుగు రెట్లు దాటాయి. ఆ పిక్సెళ్లన్నీ కూర్చునే సెన్సర్ మాత్రం ఇంచుమించు అంతే ఉండిపోయింది. జి-10, జి-11 సెన్సర్ వెడల్పు సుమారు 7.6 మిల్లీమీటర్లు, ఎత్తు 5.7 మిల్లీమీటర్లు. మన చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. పాత ఫిల్ము కెమెరాలో ఒక్క ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. దాని విస్తీర్ణంలో ఇది ఇరవయ్యో వంతు. ఎకరం పొలం ఎకరంగానే ఉండగా ప్రతి ఏడూ నారు మరింత ఒత్తుగా నాటుతూ పోయారన్నమాట. కుదుళ్లు లెక్కపెడితే ఎక్కువే, కానీ ఒక్కో కుదురుకు అందే ఎండ, నీరు తగ్గిపోతాయి.

కెమెరాలో ఒక్కో పిక్సెల్‌కు అందాల్సింది వెలుతురు. జి-10లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 1.7 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జి-11లో అది దాదాపు 2.1 మైక్రాన్లు. వినడానికి తేడా చిన్నదిగానే ఉంది కానీ, విస్తీర్ణం లెక్క వేస్తే జి-11 పిక్సెల్ దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది.

వెలుతురు ధారగా కాక ఫోటాన్లనే రేణువులుగా వచ్చి పడుతుంది. వాటి రాక ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు, కొంత హెచ్చుతగ్గులు తప్పవు. ఆ హెచ్చుతగ్గు ఎంతన్నది వచ్చిన ఫోటాన్ల సంఖ్యకు వర్గమూలంగా ఉంటుంది. ఒక పిక్సెల్‌లో పది వేల ఫోటాన్లు పడితే తేడా వంద, అంటే నూటికి ఒకటి. కంటికి ఆనదు. అదే వంద ఫోటాన్లు మాత్రమే పడితే తేడా పది, అంటే నూటికి పది. అప్పుడు ఒకే రంగు గోడ మీద కూడా పక్కపక్క పిక్సెళ్లు వేర్వేరు వెలుగులు చూపిస్తాయి. ఫొటో గరుగ్గా, ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు నాయిస్ అనేది దీన్నే. ఐఎస్ఓ పెంచితే కెమెరాలోకి వెలుతురు ఎక్కువ రాదు. వచ్చిన బలహీనమైన సంకేతాన్నే పెద్దది చేస్తారు. దానితో పాటు ఆ గరుకూ పెద్దదవుతుంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. రెండు సెన్సర్ల విస్తీర్ణం ఒకటే కాబట్టి, వాటి మీద పడే మొత్తం వెలుతురు కూడా ఒకటే. జి-10 ఫొటోను జి-11 ఫొటో కొలతకు కుదిస్తే పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి గరుకు కొంత సర్దుకుంటుంది. కనుక పిక్సెళ్లు తగ్గడమే జి-11 మెరుగుకు ఏకైక కారణమనడం సరికాదు. కానీ ప్రతి పిక్సెల్‌ను చదివేటప్పుడు విద్యుత్ వలయాలు తమవంతు నాయిస్‌ను కొంత కలుపుతాయి. పిక్సెళ్లు ఎన్ని ఎక్కువైతే ఆ కలిపే సందర్భాలూ అన్ని ఎక్కువ. మసక వెలుతురులో అసలు సంకేతమే తక్కువ కాబట్టి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా జి-11లో పెట్టింది వెలుతురును మరింత చురుగ్గా పట్టే కొత్త సెన్సర్. దానికి ప్రాసెసర్ చేసే నాయిస్ తగ్గింపును జోడించి, ఆ రెంటినీ కలిపి కానన్ ‘డ్యూయల్ యాంటీ నాయిస్ సిస్టమ్’ అని పిలిచింది. కొత్త కెమెరా గెలుపు వెనక పిక్సెళ్లు తగ్గడం, ఈ కొత్త ఏర్పాటు అనే రెండు కారణాలూ ఉన్నాయి.

ఈ రెండు కెమెరాల్లోనూ ఉన్నది సీసీడీ తరహా సెన్సర్. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో విలర్డ్ బోయిల్, జార్జ్ స్మిత్ 1969లో కనిపెట్టిన పరికరం అది. జి-11 మార్కెట్లోకి వచ్చిన 2009లోనే వారిద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. నలభై ఏళ్ల ముందు ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన అప్పటికే మామూలు మనుషుల జేబుల్లోకి చేరిపోయింది.

ఇప్పుడు ఈ రెంటినీ ఎండలో నిలబెడదాం. పట్టపగలు, మంచి వెలుతురు, ఐఎస్ఓ 80 మీద పెట్టారు. ఇక్కడ జి-10దే పైచేయి. ఆకుల ఈనెలు, ఇటుకల మధ్య సందులు, దూరపు బోర్డు మీది అక్షరాలు జి-10లో మరింత స్పష్టంగా వస్తాయి. కెనడా ఫొటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్ 2008లో జి-10 ఫొటోలను 39 మెగాపిక్సెళ్ల ఫేజ్ వన్ బ్యాక్ బిగించిన హాసెల్‌బ్లాడ్ కెమెరా ఫొటోలతో పోల్చి చూశారు. హాసెల్‌బ్లాడ్ సరంజామా ధర ముందు జి-10 ధర లెక్కలోకే రాదు. అయినా 13 బై 19 అంగుళాల కాగితం మీద ముద్రించి చూపిస్తే, అనుభవం ఉన్నవారు కూడా ఏది ఏ కెమెరాదో కచ్చితంగా చెప్పలేకపోయారు. మంచి వెలుతురులో ఒక చిన్న కెమెరా ఎంత దూరం వెళ్లగలదో జి-10 చూపించింది. దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు.

అయితే ఆ ఆధిక్యం ఎంత? జి-10 ఫొటో అడ్డంగా 4416 పిక్సెళ్లు, జి-11 ఫొటో 3648 పిక్సెళ్లు. మొత్తం పిక్సెళ్లు నూటికి 47 ఎక్కువైనా, ఫొటో వెడల్పులో పెరిగింది నూటికి 21 మాత్రమే. మన ఊళ్లలో ఫొటో స్టూడియోకు వెళ్లి 8 బై 12 అంగుళాల ప్రింటు అడిగామనుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి నాణ్యతతో ముద్రించడానికి పొడవు వైపు 3600 పిక్సెళ్లు కావాలి. జి-11 దగ్గర అవి సరిపడా ఉన్నాయి. ఆల్బంలో పెట్టుకునే 4 బై 6 అంగుళాల ప్రింటుకైతే అందులో సగమే చాలు. గోడకు వేలాడదీసేంత పెద్ద ప్రింటు వేయించేవారికి మాత్రమే జి-10లోని అదనపు పిక్సెళ్లు అక్కరకొస్తాయి.

ఆ పిక్సెళ్లకు ప్రకృతి పెట్టిన హద్దు కూడా ఒకటుంది. వెలుతురు సన్నని రంధ్రం గుండా వెళ్తే కాస్త విచ్చుకుంటుంది. కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవారికి వివర్తనం అనే పేరు గుర్తుండే ఉంటుంది. ఈ కెమెరాల్లో ఎపర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని అతి చిన్నదిగా, ఎఫ్-8 దగ్గర పెడితే, ఒక వెలుగు బిందువు సెన్సర్ మీద దాదాపు 10 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. 1.7 మైక్రాన్ల పిక్సెళ్లు ఆ ఒక్క చుక్క కిందే పదుల సంఖ్యలో ఉంటాయి. ఎన్ని పిక్సెళ్లతో కొలిచినా లెన్స్ అందించని వివరం పుట్టుకురాదు. కనుక జి-10 వాడేవారు ఎఫ్-8 జోలికి పోకుండా ఎపర్చర్‌ను వీలైనంత తెరిచి ఉంచుకోవడం మంచిది. అప్పుడే వారు డబ్బు పెట్టి కొన్న పిక్సెళ్లకు న్యాయం జరుగుతుంది.

పొద్దు వాలాక పరిస్థితి తారుమారవుతుంది. మన ఇళ్లలో ఫొటోలు ఎక్కువగా తీసేది ఎప్పుడు? తెల్లవారుజాము ముహూర్తానికి పెళ్లిపీటల దగ్గర, సాయంత్రం పుట్టినరోజు కేకు చుట్టూ, దీపావళి రాత్రి ప్రమిదల ముందు. ట్యూబ్‌లైటు, దీపం, మసక వెలుతురు. జి-10లో ఐఎస్ఓ 400 దాటితే గరుకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి కెమెరా నునుపు చేస్తే పట్టుచీర జరీ, జుట్టు పోగులు అలికినట్టు అయిపోతాయి. ఆ కెమెరా మామూలు పద్ధతిలో 1600 దాకానే వెళ్లగలదు. జి-11 3200 దాకా వెళ్తుంది. 400, 800 దగ్గర కూడా దాని ఫొటోలు ప్రింటుకు పనికొస్తాయి. మరీ చీకటైతే, పిక్సెళ్లను కలిపేసి 2.5 మెగాపిక్సెళ్ల చిన్న ఫొటోగా 12800 ఐఎస్ఓ వరకూ తీసే ఏర్పాటు కూడా ఉంది. ఆ చిన్న ఫొటో గొప్పగా ఉండదు. కానీ మనుషులు గుర్తుపట్టేలా ఉంటారు. ఆ క్షణం చేజారకుండా ఉంటుంది.

ఇక తెర సంగతి. జి-10 తెర పెద్దది, కానీ వీపుకు అతుక్కుని కదలకుండా ఉంటుంది. జి-11 తెరను పక్కకు తెరిచి ఎటైనా తిప్పుకోవచ్చు. నిజానికి జి-6 వరకూ ఆ తిరిగే తెర ఉండేది, జి-7 దగ్గర తీసేశారు, జి-11లో మళ్లీ పెట్టారు. అలాగే సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలు సౌకర్యాన్ని కూడా జి-7లో తీసేసి జి-9లో తిరిగి ఇచ్చారు. తిరిగే తెర విలువ తెలియాలంటే లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లండి. నాట్యమండపం పైకప్పు నిండా విజయనగర కాలపు వర్ణచిత్రాలు. మెడ వెనక్కి విరుచుకుని, కెమెరా నెత్తి మీద పట్టుకుని తీస్తే చెయ్యి వణుకుతుంది. జి-11ను వెల్లకిలా పెట్టి తెరను పక్కకు తెరిచి పైకి తిప్పితే, కింద కూర్చునే ఫొటో కూర్పు చూసుకోవచ్చు. అక్కడున్నది మసక వెలుతురు. పాత వర్ణాల మీద ఫ్లాష్ కొట్టడం తగదు. తెర, సెన్సర్ రెండూ ఒకే చోట అక్కరకొస్తాయి. అదే మీరు పాలంపేట రామప్ప గుడికి ఉదయపు ఎండలో వెళ్లి, ట్రైపాడ్ వేసుకుని, నల్లరాతి మదనికల నగల నగిషీని పట్టుకోవాలనుకుంటే జి-10 మీకు ఎక్కువ ఇస్తుంది. ఈ కాలంలో ట్రైపాడ్‌కు చాలా చోట్ల ముందస్తు అనుమతి కావాలి, అది అడిగి తెలుసుకుని వెళ్లండి.

జి-11 లోపాలు లేని కెమెరా కాదు. సెకనుకు ఒక్క ఫొటో అంటే పరిగెత్తే పిల్లల్ని పట్టడం కష్టం. వీడియో జి-10లో ఎంతో ఇందులోనూ అంతే, 640కి 480. అప్పటికే పోటీ కంపెనీలు ఇంతకంటే మంచి వీడియో ఇస్తున్నాయి. పానసోనిక్ ఎల్ఎక్స్-3 2008లోనే 10 మెగాపిక్సెళ్ల దగ్గర ఆగి, ఎఫ్-2 తో మొదలయ్యే, ఎక్కువ వెలుతురు పట్టే లెన్స్ పెట్టింది. హెచ్‌డీ వీడియో కూడా ఇచ్చింది. లెక్క పెంచే పరుగులోంచి పక్కకు తప్పుకున్నది కానన్ ఒక్కటే కాదన్నమాట.

తర్వాతి కథ కూడా దీన్నే బలపరుస్తుంది. 2010లో వచ్చిన జి-12 కూడా 10 మెగాపిక్సెళ్ల దగ్గరే నిలబడింది. 2012లో అదే కంపెనీ జి-1 ఎక్స్ తెచ్చింది. దాని సెన్సర్ విస్తీర్ణం జి-11 కంటే ఆరు రెట్లు పెద్దది. అందులో పెట్టింది 14.3 మెగాపిక్సెళ్లు, అంటే జి-10లో ఇరుకుగా కూర్చున్నన్ని పిక్సెళ్లే ఇక్కడ విశాలంగా కూర్చున్నాయి. అదే ఏడాది సోనీ ఆర్ఎక్స్-100 జేబులో పట్టే కెమెరాలోకి ఒక అంగుళం తరహా సెన్సర్‌ను తెచ్చింది. పిక్సెళ్లు పెంచాలనుకుంటే ముందు వాటికి చోటు పెంచాలని ఈ కెమెరాలు చూపించాయి.

ఈ పాఠం ఇప్పుడు మీ చేతిలోని ఫోనులోనూ ఉంది. 200 మెగాపిక్సెళ్లని ప్రకటించే ఫోన్లు మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒక్కటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే మీకు ఇస్తాయి. పెట్టె మీద పెద్ద అంకె వేసుకుని, లోపల చిన్న అంకెతో పనిచేస్తాయి. అది మోసం కాదు, మంచి ఇంజనీరింగే. కానీ 200 అన్న అంకె చూసి ఫోను ఎంచుకునేవారు ఈ సంగతి తెలుసుకునే ఎంచుకోవాలి.

ఈ మధ్య చాలా దేశాల్లో యువత పాత కాంపాక్ట్ కెమెరాలను వెతికి మరీ కొంటున్నారు. జి-10, జి-11లకూ అడిగేవారున్నారు. సీసీడీ రంగులు ప్రత్యేకమని కొందరు చెబుతారు. రంగు ఒక్క సీసీడీ వల్ల రాదు. పిక్సెళ్ల మీది రంగు ఫిల్టర్లూ, కెమెరా లోపల జరిగే ప్రాసెసింగూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ ఆటంకం లేకుండా బయటికి వస్తోందా చూడండి. తెల్ల గోడనో ఆకాశాన్నో ఒక ఫొటో తీసి, మచ్చలున్నాయేమో పెద్దది చేసి చూడండి. జి-11 అయితే తెర మడత బిగువుగా ఉందో లేదో తిప్పి చూడండి. కొత్త బ్యాటరీ దొరుకుతుందో ముందే కనుక్కోండి. 32 జీబీకి మించని ఎస్‌డీ కార్డు వాడండి. రా ఫైలు తప్పక పెట్టుకోండి. ఈనాటి సాఫ్ట్‌వేర్ ఆ పాత ఫైళ్ల నుంచి గరుకును ఆనాటి కెమెరా కంటే బాగా తీసేస్తుంది. దానితో జి-10కు కూడా కొంత కొత్త బలం వస్తుంది.

నా తీర్పు అడిగితే ఇదీ. పగటిపూట తీరిగ్గా ప్రకృతినీ కట్టడాలనూ తీసి, పెద్ద ప్రింట్లు వేయించుకునేవారు జి-10 తీసుకోండి. ఇంటిల్లిపాదినీ, పండుగలనూ, గుడి మండపాలనూ, దీపాల వెలుతురునూ తీసేవారు జి-11 తీసుకోండి. ఒక్కటే ఉంచుకోమంటే నేను జి-11నే ఉంచుకుంటాను. ఎందుకంటే మన జీవితంలో విలువైన సందర్భాలు మంచి ఎండ కోసం ఆగవు.

కంపెనీలు పిక్సెళ్లు పెంచుతూ పోవడానికి కారణం దుకాణంలో మనం వేసిన ప్రశ్నే. ఎన్ని మెగాపిక్సెళ్లని మనం అడిగాం, ఎక్కువ ఇచ్చి అమ్మారు. గరుకు ఎక్కువైందని వాడినవారూ సమీక్షకులూ గట్టిగా చెప్పారు, ఏడాదిలోనే తగ్గించిన కెమెరా వచ్చింది. ఎప్పుడైనా కెమెరాకో ఫోనుకో దుకాణానికి వెళ్తే, మెగాపిక్సెళ్ల ప్రశ్న పక్కన పెట్టి, సెన్సర్ ఎంత పెద్దదని అడగండి. అక్కడే నీడ ఉన్న మూలకు నడిచి ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూపించమనండి. అలా అడిగేవారు పెరిగితే తయారయ్యే వస్తువులు కూడా మారతాయి. ఒకసారి మారాయి కాబట్టి నేను ఈ మాట నమ్మకంతో చెబుతున్నాను.